రోహిణి కార్తెలో రోహిణిని పిలిచిన రాజు

రండి, రండి. ఇంకాస్త ముందుకు జరగండి. వెనక కూర్చున్నవాళ్ళకి నా మాట అందాలంటే ముందువాళ్ళు మోకాళ్ళు ముడుచుకోక తప్పదు. చంటిపిల్లలను ఒళ్ళో పడుకోబెట్టుకోండి. నిద్ర వస్తే పోనివ్వండి, కథ వాళ్ళ చెవుల్లోకి దానంతటదే వెళుతుంది. దారం లేకుండా ఇన్ని చుక్కలను ఆకాశంలో గుచ్చి, ఒక్కటీ రాలిపోకుండా తిప్పుతున్న ఆ స్వామికి ముందు ఒక్క దండం పెట్టుకుందాం. పెట్టారా? అయితే వినండి.

ఒకానొక రాజ్యంలో, అదెక్కడుందని మాత్రం నన్నడక్కండి, మా తాతకే తెలియదు, మకరాంకదేవుడనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే. ఆకలన్నవాడికి అన్నం పెట్టేవాడు, చెరువులకు గండ్లు పడకుండా చూసేవాడు. ఒక్కటే జబ్బు. తాను రోహిణీ నక్షత్రంలో పుట్టానన్న సంగతి ఆయన ఒక్క రోజు కూడా మరిచిపోయేవాడు కాదు, ఇంకెవరినీ మరిచిపోనిచ్చేవాడు కాదు. "శ్రీకృష్ణపరమాత్మ పుట్టిన నక్షత్రం, మేము పుట్టిన నక్షత్రం" అని రెండు మాటలూ ఒకే ఊపిరిలో అనేవాడు. పట్టపుటేనుగు పేరు రోహిణి. కోట వెనక తోట రోహిణీవనం. వంటవాడు కొత్త రకం పాయసం వండితే దానికీ అదే పేరు. చాలనట్టు, తమది సాక్షాత్తు సూర్యవంశమని కోటగోడల మీద చెక్కించాడు కూడా.

ఆ కొలువులో బయ్యన అని ఒకడుండేవాడు. అతని పని అడపం మోయడం. అంటే తమలపాకుల పెట్టె పట్టుకుని సింహాసనం పక్కన నిలబడి, రాజుగారు చెయ్యి చాచినప్పుడల్లా తాంబూలం అందించడం. ఆకుకి సున్నం రాస్తూ రాస్తూనే ఒక మాట అనేవాడు. ఆ మాటతో రాజుగారి కోపం సగం దిగేది. మిగతా సగాన్ని తాంబూలం దించేది. అలా ఇరవై ఏళ్ళుగా ఎందరి మెడలమీద నుంచో కత్తి పక్కకి తప్పించినవాడు బయ్యన.

ఇలా ఉండగా ఒక కార్తీకమాసంలో పొరుగు రాజు నుంచి పిలుపు వచ్చింది. ఆయన కృత్తికా నక్షత్రంలో పుట్టినవాడు. కార్తీక పున్నమి నాడు వాళ్ళ ఊళ్ళో పెద్ద పండగ. సందెవేళ తూర్పున చంద్రుడు పైకి వస్తాడు. ఆ పక్కనే, మన పల్లెల్లో పిల్లలకోడి అంటామే, ఆ కృత్తికల గుంపు పైకి వస్తుంది. రాజు దానికి దండం పెట్టగానే ఊరంతా దీపాలు వెలుగుతాయి. మన మకరాంకదేవుడు అదంతా చూసి ఇంటికొచ్చాడు. వచ్చాడే గానీ మూడు రోజులు అన్నం సయించలేదు.

వాడి చుక్క వాడి పండగకి వేళకి వచ్చి నిలబడిందే, మన చుక్కకి మనం ఎప్పుడైనా పండగ చేశామా అని కొలువులో అడిగాడు. అందరూ ఆస్థాన జ్యోతిష్కుడు కేదారేశ్వర సిద్ధాంతి వైపు చూశారు.

సిద్ధాంతిగారు మహా పండితుడు. గ్రంథాలన్నీ నాలుక చివర ఉండేవి. కాకపోతే ఆయనకో అలవాటు. పొద్దు వాలకముందే భోజనం ముగించి, దీపాలు పెట్టే వేళకి పడకెక్కేవాడు. నలభై ఏళ్ళ పాండిత్యంలో ఒక్క రాత్రి తలెత్తి ఆకాశం చూసిన పాపాన పోలేదు. తాటాకుల్లో అంతా రాసి ఉండగా మెడ నొప్పి ఎందుకని ఆయన వాదన. నవ్వకండి, అలాంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆయన శాలువా సర్దుకుని, కృత్తిక పేరు కార్తీకమాసానికి ఉంది గనుక ఆ మాసంలో కృత్తిక కనబడిందని చెప్పాడు. రోహిణి పేరు ఏ మాసానికీ లేదు. అయితేనేం, ఒక కార్తెకి ఉంది. ఎండలు ముదిరి రోళ్ళు పగులుతాయంటామే, ఆ రోహిణి కార్తె. కార్తీకమాసంలో కృత్తిక వస్తే రోహిణి కార్తెలో రోహిణి రాకుండా ఎక్కడికి పోతుందన్నాడు.

రాజుగారికి ప్రాణం లేచి వచ్చింది. వచ్చే రోహిణి కార్తెలో, మొదటి సోమవారం సందెవేళ, ఊరి బయట గంటదిబ్బ మీద రోహిణీ దర్శనం అని చాటింపు వేయించాడు. దూతలను పంపమని పొరుగు రాజుకి పిలుపు వెళ్ళింది.

గంటదిబ్బ అన్నాను కదా. దాని మీద పోలయ్య అనే పెద్దమనిషి, భార్య గురవమ్మతో ఒక పాకలో ఉండేవాడు. ఊరికి వేళ చెప్పడం ఆ ఇంటి పని. పగలు నీళ్ళ తొట్టిలో చిల్లు గిన్నె వేసి, అది మునిగినప్పుడల్లా ఒక గడియ అని లెక్క. రాత్రి చుక్కలను చూసి లెక్క. పోలయ్య గంట కొడితే రైతులు ఎడ్లను విప్పేవారు, పూజారి గుడి తలుపులు తీసేవాడు. తాత, తండ్రి, తాను, మూడు తరాలుగా ఆ గంట ఒక్క రోజు తప్పలేదు.

కార్తె దగ్గరపడ్డాక పోలయ్యను కొలువుకి పిలిపించి, రోహిణి కనబడగానే నువ్వు గంట కొట్టాలి, అప్పుడు మేము పూలు చల్లుతాము అని రాజుగారు సెలవిచ్చాడు. పోలయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ప్రభూ, తమరి ఉప్పు తిన్నవాణ్ణి. ముందే చెప్పకపోతే తప్పవుతుంది. రోహిణి కార్తెలో రోహిణి కనబడదు."

సిద్ధాంతి ఒక్కడు నవ్వాడు. "ఓరి పోలిగా, నీ గిన్నెకి ఒక చిల్లు సరే, బుర్రకి ఎన్ని?"

ఆయన నవ్వితే కొలువంతా నవ్వాలి. నవ్వింది. ఆ నవ్వులో పోలయ్య చెప్పబోయిన రెండో మాట ఎవరికీ వినబడలేదు. రాజుగారికి మాత్రం నవ్వు రాలేదు. నా కార్తెలో నా చుక్క రాదా అని ముఖం కందగడ్డ అయ్యింది. ఆ సందెవేళ గంట మోగకపోతే పోలయ్య పెళ్ళాంతో సహా పొలిమేర దాటాలి, మళ్ళీ ఈ నేల మీద అడుగు పెట్టకూడదు అని ఆజ్ఞ ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం బయ్యన దిబ్బెక్కాడు. గురవమ్మ మజ్జిగ ఇచ్చి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆమె సామాను మూట కట్టడం మొదలుపెట్టిందని చప్పుడుని బట్టే తెలుస్తోంది.

"పోలయ్యన్నా, నాకు అర్థమయ్యేట్టు చెప్పు. మాసంలో వచ్చే చుక్క కార్తెలో ఎందుకు రాదు?"

సూర్యుడొకటి, చంద్రుడొకటి, చుక్కొకటి అంటూ పోలయ్య నేల మీద మూడు గులకరాళ్ళు పెట్టాడు. పున్నమి చంద్రుడు ఏ చుక్క దగ్గర ఉంటే నెలకి ఆ పేరు. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు గనుక ఆ చుక్క రాత్రంతా మన నెత్తిన ఉంటుంది. కార్తె సంగతి వేరు. సూర్యుడు ఏ చుక్క దగ్గర ఉంటే కార్తెకి ఆ పేరు. సూర్యుడి పక్కన ఉన్న చుక్క ఆయనతోనే పొడుస్తుంది, ఆయనతోనే కుంకుతుంది. ఇక మనకి కనబడేదెప్పుడు?

విన్నారు కదా. మాసానికి పేరిచ్చిన చుక్క ఆ మాసమంతా కనబడుతుంది. కార్తెకి పేరిచ్చిన చుక్క ఆ కార్తెలోనే కనబడదు. చిన్న తేడా. ఆ తేడాలో ఒక సంసారం పొలిమేర అంచుకి వచ్చి నిలబడింది.

బయ్యన తెల్లవారే తాంబూలంలో ఆ మాట కలిపి రాజుగారికి అందించబోయాడు. ఈ సంగతి తప్ప ఇంకేదైనా మాట్లాడమని రాజుగారు చెయ్యి అడ్డం పెట్టాడు. చాటింపు అయిపోయింది, దూతలు బయలుదేరారు, ఇక వెనక్కి తిరగడం ఆయనకి చేతకాలేదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినా అదే తీరు. బయ్యనకి మొదటిసారి భయం వేసింది. ఇరవై ఏళ్ళలో తన మాట తిరిగి రావడం అతను చూడలేదు.

రోహిణి కార్తె వచ్చింది. పగలంతా నేల పెనంలా కాలింది. సందెకి జనం దిబ్బ నిండా చేరారు. పందిరి కింద పొరుగు రాజు దూతలు విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. రాజుగారు పట్టుబట్టలతో, చేతిలో పూల పళ్ళెంతో నిలబడ్డాడు. గంట కింద పోలయ్య, చేతిలో తాడు.

సూర్యుడు పడమట దిగాడు. నడినెత్తిన చిత్త కనబడింది, స్వాతి కనబడింది. రోహిణి లేదు. ఒక గడియ గడిచింది. దూతలు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పక్కన సిద్ధాంతి, పడకవేళ దాటిపోయి ఆవలింతలు మింగుకుంటూ, చెమటలు కక్కుతూ, ఆకాశమంతా కళ్ళతో వెతుకుతున్నాడు. పాపం, అంత ఆకాశం ఆయన ఎప్పుడు చూశాడు గనుక. ఇంతలో ఆగ్నేయ మూల, చెట్ల పైన, ఎర్రగా ఒక చుక్క పైకి వచ్చింది. రోహిణి ఎర్రగా ఉంటుందని గ్రంథంలో చదివిన ముక్క ఆయనకి గుర్తొచ్చింది. వేలెత్తి చూపించాడు.

"అదిగో ప్రభూ, రోహిణి. కొట్టరా గంట."

జనం చేతులు జోడించారు. రాజుగారు పొంగిపోయి పూలు దోసిట్లోకి తీసుకున్నాడు. ఊరంతా గంట కోసం చెవులు నిక్కించింది.

గంట మోగలేదు.

బయ్యన పోలయ్య వైపే చూస్తున్నాడు. తాడు చేతిలోనే ఉంది. ఒక్కసారి లాగితే చాలు, పండగ అయిపోతుంది, పొలిమేర తప్పిపోతుంది, నిజం ఏమిటని అడిగేవాడు కూడా ఎవడూ లేడు. గురవమ్మ అక్కడే, అయిదడుగుల దూరంలో నిలబడి ఉంది. ఆమె వైపు పోలయ్య చూడలేదు. చూస్తే లాగేస్తానేమోనని కాబోలు.

"నీకు కళ్ళు పోయాయా?" అన్నాడు రాజుగారు.

"అది రోహిణి కాదు ప్రభూ. జ్యేష్ఠ."

ఆ పేరు వినేసరికి జనం ఒక్క అడుగు వెనక్కి వేశారు. లక్ష్మీదేవి అక్క జ్యేష్ఠాదేవి సంగతి తెలియనివాళ్ళెవరు? ఆమెను ఇంట్లోకి రావద్దని గుమ్మానికి దండం పెట్టుకుంటాం గానీ, దోసిట పూలు పట్టి పిలుస్తామా? రాజుగారి వేళ్ళ మధ్య నుంచి రెండు పూలు జారి పడ్డాయి. సిద్ధాంతి మాత్రం గట్టిగా అరుస్తున్నాడు, వాడి మాట నమ్మవద్దని, ఎరుపు చూడమని.

బయ్యన ఆకుకి సున్నం రాస్తూ ముందుకు వచ్చాడు. "ప్రభూ, ఈ తాంబూలం వేసుకోండి. తొందరేముంది. జ్యేష్ఠ ఉండేది చుక్కల తేలు గుండెల్లో అంటాడు పోలయ్య. రోహిణి అయితే ఎక్కడికీ పారిపోదు. తేలు అయితే తోక దాచుకోలేదు."

దూతల ముందు కాదనడానికి రాజుగారికి మనసొప్పలేదు. ఒక తాంబూలం అయ్యింది. రెండోది అయ్యింది. మూడోది నోట్లో ఉండగా ఆ ఎర్ర చుక్క కాస్త పైకెక్కింది, దాని కింద నుంచి ఒక్కొక్క చుక్కే బయటపడి, కొక్కెంలా వంగి, చివర కొండి పైకెత్తిన తోకగా నిలబడింది. చదువు రాని ముసలమ్మ ఒకతె జనంలోంచి, తేలే బాబూ, మా పొలంలో కుట్టిందాని లాగే ఉంది అంది.

దూతల విసనకర్రలు ఆగిపోయాయి. రాజుగారు పూలు పళ్ళెంలో పోసేశాడు. జ్యేష్ఠకి పూజ చేయబోయిన సిగ్గు ఒకవైపు, తన చుక్క రాని అవమానం ఒకవైపు. రెండూ కలిసి కోపమైంది. అలాంటప్పుడు కోపం ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. ఎవరు నిజం చెప్పారో వాళ్ళ మీదే.

మా ఆజ్ఞ ఆజ్ఞే, ఏ కారణమైనా సరే గంట మోగలేదు, పోలయ్య తెల్లారేసరికి పొలిమేర దాటాల్సిందే అన్నాడు. గురవమ్మ పాక వైపు అడుగు వేసింది.

బయ్యన వంగి దండం పెట్టాడు. "చిత్తం ప్రభూ. దాటించాల్సిందే. కాని పోలయ్యతో పాటు ఇంకొకరిని కూడా దాటించాలి. లేకపోతే ధర్మం తప్పుతుంది."

"ఎవరిని?"

"తమరి వంశకర్తను. సూర్యభగవానుణ్ణి."

బయ్యన గొంతు పెంచకుండానే చెప్పుకుపోయాడు. ఈ రోజుల్లో రోహిణి సూర్యుడి ఇంట్లో ఉంది, అందుకే దీన్ని రోహిణి కార్తె అంటున్నారు. అతిథిని ఇంట్లో కూర్చోబెట్టుకుని పంపనిది ఆయన. పోలయ్య బయట కావలి కాస్తున్నవాడు. శిక్షంటూ వేస్తే ఇద్దరికీ వేయాలి. ఆ మాటకొస్తే, మహారాజుగారి జన్మనక్షత్రం మహారాజుగారి వంశ మూలపురుషుడి ఇంట విందులో ఉండగా, మధ్యలో లేచి రమ్మని మనం కబురు పంపడం మర్యాదేనా?

రాజుగారు ఇరుక్కుపోయాడు. కాదంటే సూర్యవంశం పోతుంది. ఔనంటే కోపం పోతుంది. గడ్డం రాసుకుంటూ, "పక్కన కూర్చున్నంత మాత్రాన కనబడకుండా పోతుందా? ఉన్నది కనబడకపోవడమేమిటి?" అని అడిగాడు.

"ఆ పెద్ద దివిటీ చూడండి ప్రభూ. దాని పక్కన ఎవరో ఉన్నారు. ఎవరు?"

రాజుగారు చూశాడు. భగభగ మండే మంట తప్ప ఏమీ కనబడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు, అప్పుడూ లేదు. ఎవరూ లేరన్నాడు. బయ్యన దివిటీవాణ్ణి పది అడుగులు పక్కకి జరగమన్నాడు. అక్కడ, శాలువాలో తల దూర్చుకుని, చల్లగా జారుకోవడానికి దారి వెతుక్కుంటూ, సిద్ధాంతిగారు దొరికిపోయారు.

ముందు దూతలు నవ్వారు. తర్వాత జనం నవ్వారు. రాజుగారి మీసం కొద్దిగా కదిలింది గానీ నవ్వు బయటికి రానివ్వలేదు. "మరి రోహిణి ఆ ఇంట్లోంచి వచ్చేదెప్పుడు?" అన్నాడు.

బయ్యన పోలయ్య వైపు చూశాడు. పోలయ్య వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. ప్రతి చుక్కా రోజుకి రవ్వంత ముందుగా పొడుస్తుందట. ఆరు రోజులకి ఒక గడియ ముందు. ఏడాది తిరిగేసరికి అరవై గడియలు, అంటే ఒక పగలూ ఒక రాత్రీ నిండి, మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. అలా చూస్తే నేటికి ఇరవై రెండో రోజున, తెల్లవారుజామున, తూర్పున, సూర్యుడి కంటే మూడున్నర గడియలు ముందు రోహిణి బయటికొస్తుంది.

"రాకపోతే?"

"రాకపోతే పోలయ్యతో పాటు నన్నూ పంపండి ప్రభూ" అన్నాడు బయ్యన. "అడపం ఎవరు మోస్తారో మాత్రం ఇప్పుడే చూసుకోండి. సున్నం ఎక్కువ రాసేవాడు దొరికితే తమరి నాలుక పొక్కుతుంది."

గడువు దొరికింది. జనం చెదిరిపోయారు. దిబ్బ దిగబోతూ బయ్యన, లెక్క గట్టిదేనా అని మెల్లగా అడిగాడు.

"లెక్క గట్టిదే. రోజు చెప్పగలను నాయనా. మబ్బు సంగతి నేను చెప్పలేను" అన్నాడు పోలయ్య.

నిజమే కదా. రోహిణి కార్తె వెళితే మృగశిర కార్తె, అంటే వానలు. ఆకాశం మూసుకుంటే చుక్క వచ్చినా ఎవరు చూస్తారు? వారం తిరిగేసరికి దక్షిణాన మబ్బు కట్టింది. ఊళ్ళో రైతులు నాగళ్ళు బాగుచేయించుకుంటూ పైకి చూస్తున్నారు. బయ్యన మాత్రం చల్లగాలి తగిలినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. దిబ్బెక్కి గురవమ్మతో, అమ్మా, ఆ ఇరవై రెండో రోజు దాటేదాకా వాన రాకూడదని నీ దేవుడికి మొక్కుకోరాదా అన్నాడు.

ఆమె చేట పక్కన పెట్టింది. "ఊరంతా వాన కోసం చూస్తుంటే, నేనొక్కదాన్ని వద్దని ఎలా మొక్కను నాయనా? రానీ. మా సంగతి స్వామి చూసుకోడా?"

మాటలతో బతికే బయ్యన ఆ రోజు మాట లేకుండా దిబ్బ దిగాడు.

వాన రానే వచ్చింది. పదిహేనో రోజున మొదలై, కురిసి, వెలిసి, మళ్ళీ కురిసి. ఇరవై ఒకటో రాత్రి కుండపోత. బయ్యన నిద్రపోలేదు. మూడో జాము దాటాక వాన కాస్త తెరిపిచ్చింది. వెళ్ళి రాజుగారిని లేపాడు. ఇంత బురదలో, ఈ చీకట్లో ఎందుకని రాజుగారు దుప్పటి లాక్కుంటే, "పెద్దల ఇంటి నుంచి చుట్టం వస్తోంది ప్రభూ. ఎదురు వెళ్ళవద్దా?" అన్నాడు. పాపం, ఆ మాటకి రాజుగారు లేచాడు. పట్టపుటేనుగు బురదలో దిబ్బెక్కనని మొరాయిస్తే, చెప్పులు చేత పట్టుకుని నడిచే ఎక్కాడు. వెనక ఇద్దరు భటులు, వాళ్ళ వెనక పిలవకుండానే ఒక శాలువా.

దిబ్బ మీద పోలయ్య తూర్పు చూస్తూ కూర్చున్నాడు. తూర్పంతా నల్లగా ఉంది. వచ్చినవాళ్ళంతా నిలబడ్డారు. ఎక్కడో కోడి కూసింది. తెల్లారడానికి ఇక ఎంతో లేదు. పాక గుమ్మంలో గురవమ్మ కట్టిన మూట అలాగే ఉంది.

అప్పుడు పడమటి గాలి వీచింది. మబ్బు అంచు తెర తొలగినట్టు పక్కకి జరిగింది. ముందు పిల్లలకోడి కనబడింది, దోసెడు ముత్యాల్లా. దాని కింద, కొండ అంచుకి కాస్త పైన, ఎర్రగా, నిలకడగా, ఒక్క చుక్క. నెలల తరబడి ఎండకి లేచిన దుమ్మునంతటినీ రాత్రి వాన కడిగేసింది. తూర్పు అంచు అద్దంలా ఉంది. ఆ వాన రాకపోయి ఉంటే, అంత కిందనున్న చుక్క ఆ దుమ్ములో కనబడేదే కాదు. వద్దని మొక్కుకోమన్న వానే వచ్చి చూపించింది, చూశారా స్వామి లీల.

పోలయ్య తాడు లాగాడు. ఆ గంట కొండకొండకీ తగిలి తిరిగొచ్చింది. ఊళ్ళో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. బురద కాళ్ళతో జనం వాకిళ్ళలోకి వచ్చి తూర్పు చూశారు.

రాజుగారు కన్నార్పకుండా చూశాడు. చివరికి, కాస్త చిన్నబోయినట్టుగా అడిగాడు. "ఇదేనా బయ్యనా? ఇంత చిన్నదా? ఇన్నాళ్ళూ ఇది మా కంటికే పడలేదే."

బయ్యన చేతిలో అడపం సర్దుకున్నాడు. "పెద్దవాళ్ళ పక్కన ఉన్నవాళ్ళ గతి అంతే ప్రభూ. నేను తమరి పక్కన ఇరవై ఏళ్ళుగా నిలబడ్డాను. నన్ను చూసినవాడు ఈ రాజ్యంలో ఒక్కడున్నాడేమో అడగండి. అందరికీ నా చేతిలోని పెట్టె మాత్రమే కనబడింది."

రాజుగారు నవ్వాడు. బురదలో నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. చుక్క వెలుగు తన వెలుగని ఊరేగిన తనను తలచుకుని నవ్వాడో, పక్కనున్న బయ్యనను మొదటిసారి నిజంగా చూసి నవ్వాడో, ఆయనకే తెలియాలి.

అక్కడికక్కడే మెడలో హారం తీసి బయ్యన మెడలో వేశాడు. ఇకనుంచి అడపం ఇంకొకరు మోస్తారు, నువ్వు మా ఎదురుగా కూర్చో, పక్కన నిలబడితే మాకు కనబడవు అన్నాడు. పోలయ్యకి గంటదిబ్బనూ, దాని కింద నాలుగు కుంచాల విత్తనం పట్టే మాగాణినీ రాసిచ్చి, రోహిణి పండగ ఎప్పుడు చేయాలో నువ్వే చెప్పమన్నాడు. మార్గశిరంలో సందెవేళ ఆ చుక్క తూర్పున దర్జాగా పైకొస్తుందని, వెనకాలే గొల్లకావడి మూడు చుక్కలూ వస్తాయని, అప్పుడు పిలిస్తే బాగుంటుందని పోలయ్య చెప్పాడు. ఆ ఏటి నుంచి పండగ అప్పుడే.

మరి ఆ శాలువా? సిద్ధాంతిగారే. శిక్ష పడుతుందని తలవంచుకుని నిలబడ్డాడు. రాజుగారు ఒక ఏడాది పాటు రోజూ సందెవేళ దిబ్బెక్కి పోలయ్య దగ్గర ఆకాశం చదవమన్నాడు. మొదటి నెల మెడ నొప్పి అని మూలిగాడట. ఏడాది నిండాక, ఇక రానక్కర్లేదన్నా ఆయన రావడం మానలేదు. గురవమ్మ ఇచ్చే మజ్జిగ కోసమని జనం అనుకునేవారు. నేనలా అనుకోను. అంత ఆకాశం ఒకసారి చూసినవాడు మళ్ళీ దీపాలవేళకి పడుకోలేడు.

ఇదీ కథ, తల్లుల్లారా, తండ్రుల్లారా. బయ్యన మాటలు మీకు గుర్తుండకపోయినా ఫరవాలేదు, అలా మాట్లాడడం అందరికీ రాదు. ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. రాజు పూలు పట్టుకుని నిలబడ్డాడు, పండితుడు వేలు చూపించాడు, ఊరంతా చెవులు నిక్కించింది, తన ఇంటిది అయిదడుగుల దూరంలో ఉంది. అయినా పోలయ్య తాడు లాగలేదు. ఇంటికెళ్ళాక, ఇక్కడికి రాలేని ఒక్కరికి ఆ ముక్క చెప్పండి. మీ వంతు వచ్చిన రోజున, లేని చుక్కకి గంట కొట్టమని పెద్దవాళ్ళే చెప్పినా, అలాగే చెయ్యి ఆపండి. చాలు. స్వామి మిమ్మల్ని చల్లగా చూస్తాడు.